పొద్దున తినని పిల్లాడు, పదకొండు గంటల లెక్కలు

మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. మీ బాబు ఏడో తరగతి. ఇల్లు తిరుపతిలో బైరాగిపట్టెడ, స్కూలు రేణిగుంట రోడ్డులో. ఏడుంబావుకు వీధి చివర బస్సు ఎక్కుతాడు. పొద్దున చాక్లెట్ పొడి కలిపిన పాలు ఒక గ్లాసు, అంతే. మధ్యాహ్నం క్యారియర్ విప్పేది పన్నెండు నలభైకి. రాత్రి ట్యూషన్ నుంచి వచ్చి అన్నం తినేసరికి తొమ్మిదిన్నర. మధ్యాహ్నానికి ముందు పీరియడ్లలో డల్‌గా ఉంటున్నాడని టీచరు డైరీలో రాశారు, లెక్కల్లో మార్కులు కూడా తగ్గాయి. టిఫిన్ తినకపోవడం వల్లేనా ఇదంతా, బలవంతం చేసైనా తినిపించాలా అని అడిగారు. మీ అత్తగారేమో "మా కాలంలో ఈ టిఫిన్లు ఎక్కడివి, మేం బతకలేదా" అంటున్నారని కూడా రాశారు.

నేను చిత్తూరు జిల్లా ప్రభుత్వ బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైర్ అయ్యాను. చాలా ఏళ్లు మధ్యాహ్న భోజనం బాధ్యత కూడా నాదే. తినకముందు పిల్లలు ఎలా ఉంటారు, తిన్నాక ఎలా ఉంటారు అన్నది రోజూ కళ్లారా చూసినదాన్ని. నా జవాబు ముందే చెప్పేస్తాను. బలవంతం చేయకండి. అలాగని ఇప్పుడు జరుగుతున్నట్టు వదిలేయకండి. మీ ఇంట్లో ఈ కష్టం పొద్దున ఆరున్నరకు బయటపడుతోంది గానీ, మొదలయ్యేది ముందురోజు సాయంత్రం. అక్కడ సర్దితే పొద్దున పిల్లాడే వచ్చి పళ్లెం ముందు కూర్చుంటాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో జరిగిన ఒక సంగతి చెప్తాను. పాకాల దగ్గర ఒక పల్లెబడి. జూన్ నెల, బడులు తెరిచిన రెండో వారం. ఆరో తరగతిలో ఒక పిల్లాడు మూడో పీరియడ్ వచ్చేసరికి బల్ల మీద తల వాల్చేసేవాడు. రెండు రోజులు చూసి ఊరుకున్నాను. మూడో రోజు లేపి నిలబెట్టాను, పీరియడ్ అయ్యేదాకా నిలబెట్టే ఉంచాను. గంట కొట్టాక దగ్గరికి పోయి చూస్తే గోడకు ఆనుకుని ఉన్నాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి, పై పెదవి మీద సన్నగా చెమట. "ఏం తిన్నావు నాయనా" అంటే "టీ తాగినా టీచర్" అన్నాడు. రాత్రి ఏం తిన్నావంటే "అమ్మ ఫ్యాక్టరీ నుంచి రాలే" అన్నాడు. మామిడి సీజనులో మా వైపు గుజ్జు ఫ్యాక్టరీలు రాత్రీ పగలూ నడుస్తాయి. వాళ్లమ్మది నైట్ షిఫ్టు. ముందురోజు మధ్యాహ్నం తిన్న సంగటే వాడు తిన్న చివరి ముద్ద. అప్పట్లో బడిలో వండి పెట్టడం కూడా లేదు. నా క్యారియర్‌లోని చిత్రాన్నం వాడికి పెట్టాను. మధ్యాహ్నం బెల్లు కొట్టాక, పొద్దున చేయలేకపోయిన కసాగు లెక్కను వాడే బోర్డు మీద ఒక్క తప్పు లేకుండా చేశాడు.

ఆకలితో ఉన్న పిల్లాణ్ని నిలబెట్టి శిక్షించానన్న బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ మరుసటి రోజు నుంచి అటెండెన్స్ తీసేటప్పుడు "ఏం తిన్నావు" అని కూడా అడగడం మొదలుపెట్టాను, రిటైర్ అయ్యేదాకా అడిగాను. మీ బాబు టీచరు డైరీలో ఆ మాట రాశారంటే మంచి టీచరే. ఆవిడ మీద కోపం పెట్టుకోకండి.

ఇక ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మెదడుకు ముఖ్యమైన ఇంధనం గ్లూకోజు. పెద్దవాళ్లలో మెదడు బరువు మొత్తం ఒంటి బరువులో నూటికి రెండు వంతులే. అయినా ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు అయిదో వంతు మెదడుకే పోతుంది. పిల్లల్లో ఈ వాటా ఇంకా ఎక్కువ. నాలుగు నుంచి పదేళ్ల లోపు పిల్లల మెదడు పెద్దవాళ్ల మెదడు కన్నా దాదాపు రెట్టింపు గ్లూకోజు వాడుతుంది, ఆ తర్వాత వయసు వచ్చేకొద్దీ అది మెల్లగా తగ్గుతుంది. రాత్రి నిద్రలో ఆ గ్లూకోజును అందించేది కాలేయం. పగలు తిన్నదాంట్లో కొంత గ్లైకోజెన్ రూపంలో దాచుకుని రాత్రంతా కొంచెం కొంచెంగా వదులుతుంది. పిల్లల కాలేయం చిన్నది, దాచుకునేది తక్కువ, పైన ఖర్చు ఎక్కువ. తెల్లారేసరికి నిల్వలో చాలా భాగం అయిపోతుంది.

అయిపోయినా ఒళ్లు ఊరుకోదు. కొవ్వు కరిగిస్తుంది, మాంసకృత్తుల నుంచి గ్లూకోజు తయారుచేసుకుంటుంది. అందుకే పొద్దున తినని పిల్లలు కళ్లు తిరిగి పడిపోరు. బస్సులో అల్లరి చేస్తారు, గ్రౌండులో పరుగెత్తుతారు. చూసేవాళ్లకు ఏం తేడా లేనట్టే ఉంటుంది. ఒకే పని మీద ఇరవై నిమిషాలు మనసు నిలపాల్సి వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది. మా లెక్కల టీచర్లకు ఇది అందరికన్నా ముందు కనిపిస్తుంది. లెక్కలో ఒక మెట్టు తప్పితే కింద అంతా తప్పే కదా.

మీ బాబు సంగతి చూడండి. రాత్రి తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం పన్నెండు నలభై దాకా అంటే పదిహేను గంటలు. మధ్యలో ఒక గ్లాసు పాలు. 200 మిల్లీలీటర్ల టోన్డ్ పాలలో 120 కేలరీల దాకా ఉంటాయి. పొడి, చక్కెర కలిపితే 180, 200 అవుతాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో చెప్పిన లెక్క ప్రకారం 10 నుంచి 12 ఏళ్ల మగపిల్లాడికి రోజుకు 2,220 కేలరీలు కావాలి, ఆడపిల్లకు 2,060. పొద్దునపూట అందులో నాలుగో వంతు పడాలనుకుంటే 550. పాలు ఇస్తున్నది దాంట్లో మూడో వంతే. పాలు మంచివే, మానేయమనను. అవే టిఫిన్ అనుకోవద్దు. ఆ చాక్లెట్ పొడి డబ్బా మీద రాసింది చూసి చాలామంది తల్లులు ధైర్యంగా ఉంటారు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పొడులను ఆన్‌లైన్ అంగళ్లలో 'హెల్త్ డ్రింక్' అనే వరుసలో పెట్టొద్దని చెప్పింది. మన ఆహార భద్రతా చట్టంలో హెల్త్ డ్రింక్ అనే రకమే లేదు.

మరి టిఫిన్ తింటే మార్కులు వస్తాయా? ఇక్కడ నేను జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే దీని మీద చాలామంది ఎక్కువ చేసి చెప్తారు. బ్రిటన్‌లోని వేల్స్‌లో 9 నుంచి 11 ఏళ్ల పిల్లలు 5,000 మంది మీద చేసిన ఒక అధ్యయనం 2015లో వచ్చింది. పొద్దున తినే పిల్లలు టీచర్ల మూల్యాంకనంలో సగటు కన్నా పైన ఉండే అవకాశం, తినని వాళ్లతో పోలిస్తే రెండింతల దాకా ఉందని అందులో తేలింది. వినడానికి బాగుంటుంది. కానీ పొద్దున వేడిగా వండి, కూర్చోబెట్టి తినిపించే ఇంట్లో హోమ్‌వర్కు చూసేవాళ్లూ ఉంటారు, టైముకు పడుకోబెట్టేవాళ్లూ ఉంటారు. ఆ మార్కుల్లో ఇడ్లీ వాటా ఎంత, ఇంటి వాటా ఎంత అన్నది అలాంటి అధ్యయనంతో విడదీయలేం.

దానికన్నా నేను నమ్మేది జమైకాలో చేసిన ఒక ప్రయోగం. ఫలితాలు 1998లో వచ్చాయి. పల్లెబడుల్లో రెండు నుంచి అయిదు తరగతుల పిల్లలు 814 మందిని తీసుకుని, చీటీలు వేసినట్టుగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఏడాది పాటు బడిరోజుల్లో పొద్దున టిఫిన్ పెట్టారు. ఇంకో గుంపుకు ఒక నారింజపండులో నాలుగో వంతు ముక్క ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే టిఫిన్ తిన్నవాళ్ల హాజరు కొంచెం పెరిగింది, ఎత్తూ బరువూ కొంచెం మెరుగయ్యాయి, చిన్న తరగతుల పిల్లలకు లెక్కల్లో మార్పు కనిపించింది. అన్నీ చిన్న మార్పులే, అయినా నిజమైనవి. అంతకుముందు 1989లో అదే దేశంలో ఇంకోటి చేశారు. పిల్లలను ఒక రోజు తిననిచ్చి, ఇంకో రోజు తిననీయకుండా పరీక్షలు పెట్టారు. ఎదుగుదల సరిగా లేని పిల్లలు తినని రోజున వెనకబడ్డారు. ఒంట్లో బాగున్న పిల్లలకు ఆ ఒక్కపూటతో అంత నష్టం జరగలేదు.

అంటే మీ బాబు ఎప్పుడో ఒక రోజు తినకుండా పోతే మీరు టెన్షన్ పడనక్కర్లేదు. రోజూ అదే అయితే మాత్రం పట్టించుకోవాలి. టిఫిన్ పెడితే ర్యాంకు వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. నా అనుభవంలో టిఫిన్ తిన్న పిల్లాడికి పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఉన్న రెండు గంటలు దక్కుతాయి. సంవత్సరమంతా కలిపితే అదెంత చదువో మీరే ఆలోచించండి.

ప్రభుత్వాలకు కూడా ఈ సంగతి తెలిసింది. 2020 జాతీయ విద్యా విధానంలో మధ్యాహ్న భోజనంతో పాటు పొద్దునపూట కూడా తేలికైన టిఫిన్ పెట్టాలని, కష్టమైన సబ్జెక్టులకు తిన్న తర్వాతి ఉదయం గంటలు బాగా పనికొస్తాయని రాశారు. వేడిగా వండలేని చోట బెల్లంతో చెనిక్కాయలో (వేరుశనగలు) శనగలో ఇవ్వచ్చన్నారు. చెనిక్కాయ పండించే మన వైపు వాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. మన సరిహద్దు దాటితే తమిళనాడు. అక్కడ 2022 సెప్టెంబరు 15న మదురైలో బడి టిఫిన్ పథకం మొదలైంది, మరుసటి ఏడాది ఆగస్టులో రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ విస్తరించింది. ఉప్మా, కిచిడీ, పొంగలి పెడతారు. మన దగ్గర 2023 మార్చి నుంచి ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలుపెట్టారు. ప్రైవేటు స్కూలు పిల్లలకు ఇవేవీ లేవు. ఫీజు కట్టే ఇంటి పిల్లాడు ఆకలితో ఉంటాడని ఎవరూ అనుకోరు కాబట్టి, మీ బాబులాంటి వాళ్లే ఎవరి లెక్కలోకీ రాకుండా పోతున్నారని నా బాధ.

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని వంటింట్లో కాదు. బాబు లెక్కల నోట్‌బుక్, స్కూలు టైంటేబుల్ రెండూ ముందు పెట్టుకుని కూర్చోండి. ఏ రోజు లెక్కల పీరియడ్ ఎన్నోదో చూసుకోండి. మొదటి పీరియడ్‌లో చేసిన పేజీలు, మూడో నాలుగో పీరియడ్లలో చేసిన పేజీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఏడో తరగతిలో పూర్ణసంఖ్యలు, సామాన్య సమీకరణాలు ఉంటాయి. −7 + 3 కు −10 అని రాసే పిల్లాడు ఏ పేజీలో అయినా అలాగే రాస్తాడు. పొద్దున అదే తప్పు, రాత్రి ట్యూషన్‌లోనూ అదే తప్పు. వాడికి ఆ మెట్టు అర్థం కాలేదు. ఎన్ని ఇడ్లీలు పెట్టినా ఆ తప్పు పోదు, ఎవరో ఒకరు కూర్చోబెట్టి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.

ఆకలి తప్పులు వేరేగా ఉంటాయి. బోర్డు మీద 68 ఉంటే పుస్తకంలో 86 పడుతుంది. మూడు మెట్లు చక్కగా చేసి నాలుగోదాంట్లో మైనస్ గుర్తు వదిలేస్తాడు. లెక్క సగంలో ఆగిపోయి కింద పెన్నుతో గీతలు ఉంటాయి. పేజీ పైన రాత కుదురుగా ఉండి, కిందికి వచ్చేకొద్దీ అక్షరాలు పెద్దవై లైను దాటిపోతాయి. అదే లెక్క ఆదివారం ఇంట్లో తిన్న తర్వాత ఇస్తే చేసేస్తాడు. ఇలాంటివి మూడు, నాలుగు పీరియడ్ల పేజీల్లోనే ఎక్కువగా కనిపిస్తే టీచరు చెప్పింది నిజమే, మీ అనుమానమూ నిజమే. అయితే ఒకటి గుర్తుంచుకోండి. నిద్ర చాలని పిల్లలు కూడా సరిగ్గా ఇవే తప్పులు చేస్తారు. మీ బాబు విషయంలో రెండూ కలిసి ఉన్నాయని నా గట్టి నమ్మకం.

ఎందుకంటారా? 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తారు. మీ వాడు తొమ్మిదిన్నరకు కడుపు నిండా అన్నం తిని, కాసేపు ఫోనో టీవీయో చూసి పడుకునేసరికి పదిన్నర దాటుతుంది కదా. ఆరుకు లేపుతారు. ఏడున్నర గంటలు కూడా లేదు. రాత్రి తిన్నది ఇంకా బరువుగానే ఉంటుంది, కళ్లు మూతలు పడుతుంటాయి, బస్సుకు గంట టైము ఉంటుంది. ఆ స్థితిలో నోటి దగ్గర దోశ పెడితే మీకైనా నాకైనా సయించదు. వాడు మొండికేస్తున్నాడనుకుని మీరు అరుస్తారు, వాడు ఏడుస్తాడు, ఇద్దరూ పాల గ్లాసు దగ్గర రాజీపడతారు. నేను చూసిన ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే.

కాబట్టి రాత్రి అన్నాన్ని ముందుకు జరపండి. స్కూలు నుంచి వచ్చాక పఫ్, బజ్జీ, చిప్స్ పెట్టి ట్యూషన్‌కు పంపే బదులు, ఆరింటికల్లా అన్నమే పెట్టేయండి. పప్పన్నమో, సంగటీ పులుసో, కూరా గుడ్డో, ఆ పూటకు ఇంట్లో ఏది ఉంటే అది. ట్యూషన్ నుంచి వచ్చాక ఒక గ్లాసు పాలు, ఒక అరటిపండు చాలు. ఇప్పుడు పొద్దున ఇస్తున్న పాలను రాత్రికి మార్చినట్టు అనుకోండి. తొమ్మిదికల్లా లైటు తీసేయాలి. ట్యూషన్ మాస్టారితో మాట్లాడి ఎనిమిదిన్నరకల్లా వదిలేయమని అడగండి. ఆయన కుదరదంటే ట్యూషన్ మానిపించడం గురించి కూడా ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. నిద్రపోని పిల్లాడికి రాత్రి తొమ్మిది దాకా లెక్కలు చెప్పించి, పొద్దున పదకొండుకు స్కూల్లో చెప్పే లెక్కలు వాడి చెవికెక్కకుండా చేసుకోవడం నాకు న్యాయంగా అనిపించదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషిగా ఈ మాట అంటున్నాను.

నాలుగైదు రోజుల్లో పొద్దున ఆకలి వేయడం మొదలవుతుంది. లేవగానే తినమనకండి. ముందు నీళ్లు తాగి, బాత్రూముకు పోయి, స్నానం చేసి రానివ్వండి. అరగంట గడిస్తే నోరు తెరుచుకుంటుంది.

అప్పుడు కూడా వద్దంటే ఎందుకు వద్దంటున్నాడో మెల్లగా అడగండి. పిల్లలు "ఆకలి లేదు" అనే మాట వెనక చాలా దాస్తారు. కొందరికి తిని బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది. ఒకసారి బస్సులో వాంతి చేసుకుని పక్కవాళ్లు నవ్వితే ఇక జన్మలో తినరు. ఇంకో కారణం బాత్రూము. నేను పనిచేసిన ఒక హైస్కూల్లో ఎనిమిదో తరగతి ఆడపిల్లలు నలుగురైదుగురు పొద్దున ఏమీ తినకుండా, నీళ్లు కూడా తాగకుండా వచ్చేవాళ్లు. ఎన్ని రోజులు అడిగినా చెప్పలేదు. చివరికి ఒక పిల్ల నా చెయ్యి పట్టుకుని, బాత్రూము తలుపుకు గడియ లేదు టీచర్ అంది. గడియ పెట్టించడానికి పట్టింది ఒక్క పూట. ఆ పిల్లలు తినకుండా గడిపింది మాత్రం నెలలు. మీ బాబును కూడా ఈ రెండూ అడగండి, నవ్వకుండా అడగండి.

బస్సులో తిప్పే పిల్లాడైతే టిఫిన్‌ను రెండుగా చేయండి. ఇంట్లో కొంచెం, పదిన్నర ఇంటర్వెల్‌లో కొంచెం. రెండు చెనిక్కాయ ఉండలు, లేకపోతే ఉడికించిన గుడ్డు, లేకపోతే బొరుగుల్లో పప్పులు, వేయించిన చెనిగ్గింజలు కలిపి ఒక చిన్న డబ్బా. పది నిమిషాల్లో అయిపోయేవే ఇవ్వండి. కొన్ని స్కూళ్లలో ఇంటర్వెల్‌లో బాక్సు తెరవనివ్వరు. డైరీలో రాసి పంపండి, అవసరమైతే వెళ్లి అడగండి. పిల్లాడు డల్‌గా ఉన్నాడని వాళ్లే కదా చెప్పారు, కాదనరు.

ఏం పెట్టాలి అన్నదానికి మన చిత్తూరు వంటింట్లోనే సమాధానం ఉంది. కొనాల్సింది ఏమీ లేదు. నేను చూసే సంగతి ఒక్కటే, పళ్లెంలో పిండి పదార్థంతో పాటు పప్పో, చెనిక్కాయో, గుడ్డో, పెరుగో ఉందా అని. ఒక్కో ఇడ్లీకి 50, 60 కేలరీలు. మూడు ఇడ్లీలు చక్కెరతో తింటే పది గంటలకే మళ్లీ ఆకలి. అవే మూడు ఇడ్లీలు చెనిక్కాయ చట్నీ గట్టిగా వేసుకుని, పైన ఒక గుడ్డు తింటే మధ్యాహ్నం దాకా నిలబడతాడు. గుడ్డులో 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. 100 గ్రాముల చెనిగ్గింజల్లో 25 గ్రాముల దాకా ఉంటుంది, ఒక గుప్పెడు తింటే గుడ్డుకు సమానం. చట్నీలో నీళ్లు పోసి పలచగా చేయకండి. రాత్రి అన్నం మిగిలితే పొద్దున చిత్రాన్నం పది నిమిషాల పని. చెనిగ్గింజలు రెండు గుప్పెళ్లు ఎక్కువ వేయండి, దించాక నిమ్మకాయ పిండండి. నిమ్మకాయలోని విటమిన్ సి ఉంటే ఆహారంలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. టీ తాగితే దానికి సరిగ్గా ఉల్టా జరుగుతుంది, అందుకే టిఫిన్ దగ్గర పిల్లలకు టీ, కాఫీ వద్దు.

రాగుల గురించి అందరూ చెప్తారు, నిజమే. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. కానీ గ్లాసుడు పలచటి జావలో పడేది రెండు స్పూన్ల పిండే. జావ తాగించేశాం కదా అని కడుపు నిండిందనుకోవద్దు. జావ ఇస్తే పక్కన ఒక దోశ, లేకపోతే గుడ్డు ఉండాలి. రాగిపిండిలో మినప్పిండి కలిపి దోశ పోస్తే ఇంకా మంచిది, పిల్లలు కూడా తింటారు. బ్రెడ్డూ జామూ, బిస్కెట్లు, నీళ్లల్లో ఉడికించి ఇచ్చే నూడుల్స్ ఎప్పుడో ఒక రోజు సరే, రోజూ మాత్రం వద్దు.

మీ అత్తగారి మాట కొట్టేయకండమ్మా. ఆమె అబద్ధం చెప్పలేదు. వాళ్ల చిన్నప్పుడు ఇడ్లీ, దోశ పండగ రోజుల్లోనే. కానీ పొద్దున ఏం తినేవాళ్లు అత్తమ్మా అని ఒకసారి అడిగి చూడండి. సద్ది అంటారు. రాత్రి అన్నమో సంగటో నీళ్లల్లో వేసి ఉంచి, పొద్దున మజ్జిగ పోసి పిసికి, ఎర్రగడ్డ కొరుక్కుంటూ, ఊరగాయో ఊరిబిండో (రోట్లో నూరిన పచ్చడి) నంజుకుంటూ తిని బడికో చేనుకో పోయేవాళ్లు. కడుపు ఖాళీగా పోయిన రోజులు కరువు రోజులే అయ్యుంటాయి. ఆ సద్దిని మళ్లీ మీ ఇంట్లో మొదలుపెట్టమని ఆమెనే అడగండి. రాత్రి పులిసిన అన్నం తేలిగ్గా అరుగుతుంది, పొద్దున స్టవ్ వెలిగించే పని లేదు, బస్సులో కడుపు తిప్పే పిల్లలకు కూడా చల్లగా దిగుతుంది. పక్కన చెనిక్కాయ ఊరిబిండి ఉంటే ప్రొటీన్ కూడా వచ్చేస్తుంది. ఎండాకాలంలో వంటింట్లో వేడి ఎక్కువ కాబట్టి అన్నం చల్లారాక నీళ్లు పోసి, మూత పెట్టి చల్లటి చోట ఉంచండి. వాసన తేడా వస్తే పారేయండి. మీరు వంద సార్లు చెప్పినా తిననివాడు అవ్వ చేత్తో కలిపి పెడితే నాలుగు ముద్దలు తింటాడు, ఇది నేను నా మనవళ్ల దగ్గరే చూశాను.

తిరుపతి ఇళ్లు కాబట్టి ఒక్కపొద్దుల సంగతి కూడా చెప్పాలి. శనివారాలు, ముఖ్యంగా సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే పెరటాసి నెల శనివారాలు చాలా ఇళ్లలో పొద్దున పొయ్యి వెలగదు. స్వామి మీద భక్తి మనందరికీ ఉంది, నేనూ ఒక్కపొద్దు ఉంటాను. కానీ ఆ రోజు స్కూలు ఉంటే పిల్లలకు పాలు, పండ్లు, చెనిక్కాయ ఉండలైనా కడుపు నిండా పెట్టి పంపండి. బాలలకు ఉపవాసం లేదని మా అమ్మ అనేది, నాకు అదే పద్ధతి.

ఇవన్నీ చేసి మూడు వారాలు గడిచినా మార్పు లేకపోతే డాక్టరుకు చూపించండి. రక్తం తక్కువగా ఉందేమో చూడాలి. మీ బాబు వయసుకు హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. మన రాష్ట్రంలో రక్తహీనత చాలా ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి, 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 60 మందికి ఉందని తేలింది. తిన్నా నీరసంగా ఉండే పిల్లల్లో చాలామంది సంగతి ఇదే. ఫిబ్రవరిలో, ఆగస్టులో స్కూల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేసుకున్నాడో లేదో కనుక్కోండి. కళ్లు కూడా చూపించండి, బోర్డు కనపడని పిల్లాడు కూడా అంకెలు తారుమారుగానే రాస్తాడు. విపరీతంగా దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం ఉంటే మూడు వారాలు ఆగొద్దు, ఆ రోజే షుగర్ పరీక్ష చేయించండి.

ఈ మూడు వారాలూ మార్కుల మాట ఎత్తకండి. టీచరుకు మాత్రం ఒక చిన్న చీటీ రాసి పంపండి: "పదకొండు గంటలప్పుడు వాడు ఎలా ఉంటున్నాడో వారానికి ఒకసారి చెప్పండి మేడమ్" అని. మూడో వారం చివర్లో అదే నోట్‌బుక్ మళ్లీ తీసి, మూడో పీరియడ్ పేజీల్లో కింది లైన్ల రాత ఎలా ఉందో చూసి నాకు రాయండి. −7 + 3 రకం తప్పులు కనిపిస్తే అవి కూడా రాసి పంపండి, ఎక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాలో చెప్తాను.